మధ్యలో జడ్జి

ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోరు. అలాగని ఆ ఇంట్లో మాటలు లేవని కాదు. పొద్దున లేచింది మొదలు మాటలే. కాకపోతే అన్నీ కుక్కలతో.

"ఒరేయ్ జడ్జీ, గ్యాస్ అయిపోవచ్చిందని నాకెవరైనా చెప్పార్రా?" అంటాడు అతను, హాల్లో చెప్పులు తొడుక్కుంటూ.

"బస్తా, నిన్ననే చెప్పాను కదే. విన్నావు కదా, సాక్ష్యం చెప్పు," అంటుంది ఆమె వంటింట్లోంచి.

బస్తా సాక్ష్యం చెప్పదు. దాని ధ్యాసంతా ఆమె చేతిలో ఉన్న గిన్నె మీద. అయినా పని మాత్రం జరిగిపోతుంది, సాయంత్రానికి కొత్త సిలిండరు ఇంటికొస్తుంది. బస్తాకి ఆ పేరు ఎందుకొచ్చిందో దాన్ని చూసినవాళ్ళెవరూ అడగరు. ఎక్కడ పడేస్తే అక్కడే ఉంటుంది. జడ్జి అలా కాదు. ముసలిది, మూతి నెరిసిపోయింది, ఒళ్ళు మాత్రం దిట్టం. ఎవరేం చెప్పినా మెడ ఓ పక్కకి వాల్చి చివరిదాకా వింటుంది. విని తీర్పేమీ ఇవ్వదు. ఆ ఇంట్లో అంత శ్రద్ధగా ఎదుటివాళ్ళ మాట వినే ప్రాణి అదొక్కటే.

అతనిది తాళాల దుకాణం. ఆమె బట్టలు ఉతికి ఇస్త్రీ చేసిచ్చే చోట పనిచేస్తుంది. ఎప్పుడైనా చూడ్డానికొచ్చే ఆమె తమ్ముడు ఈ భాగోతమంతా చూసి, "బావగారు కుక్కలతో కాపురం చేస్తున్నారక్కా. నిన్ను వంటకి పెట్టుకున్నారు," అన్నాడోసారి. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వడానికి లోపల ఏమీ అనిపించనక్కర్లేదని ఆమెకి అప్పటికే తెలుసు.

ఇదంతా వాళ్ళ పాప చనిపోయిన ఏడాది మొదలైంది. పాపకి జ్వరం. రాత్రి ఆమె మంచినీళ్ళకి లేచినప్పుడు చూసింది, పిల్ల డొక్క ఎగిరెగిరి పడుతోంది. మొగుణ్ణి లేపుదామనుకుంది. పొద్దంతా పని చేసొచ్చి పడుకున్నాడు కదా, తెల్లారాక చెబుదాంలే అనుకుంది. తెల్లారేసరికి పిల్ల పెదాలు నీలంగా మారాయి. ఆసుపత్రి నుంచి ఇద్దరూ ఉత్త చేతులతో తిరిగొచ్చారు. తలుపు తాళం తీస్తూ అతను, "నీకు కాస్త ముందు తెలియలేదా?" అన్నాడు. అరవలేదు, మెల్లగానే అన్నాడు. ఆమె జవాబు చెప్పలేదు. తెలియలేదంటే అబద్ధం, తెలుసంటే ఇక ఆ ఇంట్లో ఉండడం ఎలాగో ఆమెకి తెలియదు.

ఏడవలేదా అంటే ఏడ్చింది. అందరితోపాటు ఏడ్చి, అందరికంటే ముందే ఆపేసింది. తర్వాత లోపలంతా తిమ్మిరెక్కినట్టు అయిపోయింది. కాలికి తిమ్మిరెక్కితే కాసేపటికి చీమలు పాకినట్టయి వదులుతుంది. ఇది వదల్లేదు. అతనెక్కణ్ణుంచో జడ్జిని తెచ్చాడు. ఓ రోజు దాని ముందు గొంతుక్కూర్చుని, "పాలు విరిగాయని చెప్పరా," అన్నాడు. ఆమె కూడా దానితోనే, "వేరే తెమ్మని చెప్పు," అంది. అంతే, దారి దొరికింది. ఏళ్ళు గడిచిపోయాయి.

ఇక అసలు సంగతికొస్తే, ఊళ్ళకెళ్ళేవాళ్ళు తమ కుక్కల్ని వదిలిపెట్టే హాస్టలొకటి ఉంది. అక్కడ తాళాలు మార్చడానికి వెళ్ళి, సొంతవాళ్ళు తిరిగి రాని కుక్కనొకదాన్ని అతను ఇంటికి తోలుకొచ్చాడు.

"జడ్జీ, ఇంకోడొచ్చాడని చెప్పు."

"బస్తా, నాకూ కళ్ళున్నాయని చెప్పు."

దానికి హాస్టలోడు అని పేరుపెట్టారు. అది వస్తూ వస్తూ దగ్గు తెచ్చింది. గొంతులో ఎముక ఇరుక్కున్నట్టు మెడ సాచి, ఖంగుఖంగుమని దగ్గి, చివర్న కాస్త తెల్లటి నురుగు కక్కేది. నిజంగానే ఎముకేమోనని ఆమె దాని నోరు తెరిచి వేలు పెట్టి వెతికింది. ఏమీ లేదు. ఆ వారం తిరక్కుండానే బస్తా కూడా అందుకుంది. ఒకటి ఆపితే ఒకటి. ఇల్లు ఇల్లంతా దగ్గే.

ఆమె ఆ రెంటినీ డాక్టరమ్మకి చూపించింది. డాక్టరమ్మ గొంతు మీద వేలితో ఇలా నొక్కిందో లేదో, హాస్టలోడు అలా ఖంగుమన్నాడు.

"ఇది అంటుకునే దగ్గమ్మా. కుక్కలు గుంపుగా ఉన్నచోట వస్తుంది. చాలామటుకు దానంతటదే తగ్గిపోతుంది, కంగారేం లేదు. మెడకి పట్టీ కట్టి లాగొద్దు. స్నానాల గదిలో వేణ్ణీళ్ళు వదిలి ఆవిరి పట్టించండి. ఇంట్లో ఇంకా ఉన్నాయా?"

"ఇంకోటుందండి. ముసలిది."

"దాన్ని మాత్రం వీటి దగ్గరికి రానివ్వకండి. నీళ్ళ గిన్నెలు కూడా వేరుగా పెట్టండి. ముసలి ప్రాణం, ఊపిరితిత్తుల్లోకి దిగిందంటే కష్టం. ఇంట్లో అందరికీ చెప్పండి."

"చెప్తానండి," అంది ఆమె.

చెప్పింది కూడా. దగ్గే రెంటినీ వెనకగదికి మార్చింది. వాటిని స్నానాల గదిలోకి తీసుకెళ్ళి, తలుపేసి, వేణ్ణీళ్ళ కుళాయి తిప్పి, ఆవిర్లో నిలబడి గట్టిగానే చెప్పింది. "బస్తా, జడ్జిని వెనకగదిలోకి రానివ్వద్దని చెప్పు. దానికి మంచిది కాదంది డాక్టరమ్మ."

ఆ ఇంట్లో ఏ మూల ఏం మాట్లాడినా ఇంకో మూలకి వినబడేది, ఎందుకంటే తలుపులు ఎప్పుడూ వేసేవాళ్ళు కాదు. ఇప్పుడు తలుపులు వేసున్నాయి, కుళాయి హోరుమంటోంది. హాల్లో అతను తాళం చెవికి ఆకురాయి పెట్టి రుద్దుతున్నాడు. ఈ సంగతి ఆమెకి తట్టలేదు. కుక్కకి చెబితే మొగుడికి చెప్పినట్టే అన్నది ఆమెకి అంత అలవాటైపోయింది.

మర్నాడు ఆమె పనిలో ఉండగా జడ్జి వెనకగది తలుపు గీరుతూ మూలిగింది. మధ్యాహ్నం ఇంటికొచ్చిన అతను జాలిపడి తలుపు తీశాడు. ఆమె వచ్చి చూసేసరికి మూడూ ఒకే దుప్పటి మీద కుప్పగా పడుకుని ఉన్నాయి. జడ్జి గడ్డం నుంచి హాస్టలోడి గిన్నెలోని నీళ్ళు కారుతున్నాయి.

"బస్తా, నేను చెప్పానా లేదా?"

"జడ్జీ, నాకెవరూ ఏం చెప్పలేదురా. నువ్వు ఏడుస్తుంటే తీశాను."

ఇద్దరూ కుక్కల మొహాలే చూస్తూ నిలబడ్డారు. ఎవరికీ కోపం కూడా రాలేదు. ఆమె గిన్నెలు తీసుకెళ్ళి మరిగించిన నీళ్ళతో కడిగింది.

బస్తా తేరుకుంది, హాస్టలోడు తేరుకున్నాడు. జడ్జి దగ్గడం మొదలుపెట్టింది. అతను దాన్ని ఆవిర్లో కూర్చోబెట్టేవాడు. ఆమె ఉడికిన గుడ్డులో మందు మెదిపి తినిపించేది. ఓ రోజు పొద్దున దగ్గు వినబడలేదు. "జడ్జీ, తగ్గిపోయిందిరా నీకు," అని దాని తల నిమిరి అతను దుకాణానికి వెళ్ళిపోయాడు.

ఆమె గుడ్డు పట్టుకెళ్ళింది. జడ్జి వాసన కూడా చూడలేదు. దాని డొక్క ఎగిరెగిరి పడుతోంది.

ఆ ఊపిరి ఆమె ఎరిగినదే. పక్కనే కూలబడింది. మొగుడికి చెప్పాలి. ఎవరిచేత? ఇద్దరి మధ్యా మొదటి కబురు మోసింది జడ్జే. నీ పని బాగాలేదురా అని దానికే ఎలా చెబుతుంది? ఫోనుంది. ఫోను చేస్తే అవతల కుక్క ఎత్తదు. ఒక్కతే ఎత్తుకెళ్దామంటే ఆ బరువు ఆమె వల్ల కాదు. సాయంత్రం ఎలాగూ ఇంటికొస్తాడు కదా అనుకుంది. లేచి, చీర సర్దుకుని, పనికి వెళ్ళిపోయింది. సిగ్గుపడాల్సిన విషయమే, కానీ అప్పుడు ఆమెకి సిగ్గు కూడా వెయ్యలేదు.

ఇస్త్రీ పెట్టె కింద చొక్కాలు వరసగా వెళ్ళిపోతున్నాయి. కాలర్, భుజాలు, చేతులు, వెనకభాగం. సాయంత్రం చెబుదాంలే అని మళ్ళీ ఓసారి అనుకుంది. తెల్లారాక చెబుదాంలే అనుకున్నది కూడా ఈ మనసే కదా అని అప్పుడు తట్టింది. పెట్టె ఆపి, యజమానురాలికి చెప్పను కూడా చెప్పకుండా రోడ్డెక్కింది.

అతని దుకాణం పెట్టంత ఉంటుంది. తాళంచెవులు కోసే మిషను కీచుమంటోంది. ఆమె గుమ్మంలో నిలబడి, మిషన్ని మించి గొంతు పెంచింది.

"జడ్జికి ఊపిరి ఆడట్లేదు."

అతను మిషనాపి తలెత్తాడు. ఆమె వెనక్కి చూశాడు. వంగి ఆమె కాళ్ళ దగ్గర చూశాడు. ఏ కుక్కతో చెబుతోందా అని.

"మిమ్మల్నే," అంది ఆమె. "మీతోనే చెప్తున్నా."

సగం కోసిన చెవి మిషన్లోనే ఉండిపోయింది. ఇద్దరూ ఇంటికి పరుగెత్తారు. జడ్జిని దుప్పట్లో వేసి, ఇద్దరూ చెరో రెండు కొసలు పట్టుకుని బండెక్కించారు.

డాక్టరమ్మ గొట్టం పెట్టి విని, పెదవి విరిచింది. "ఊపిరితిత్తుల్లోకి దిగింది. సాయంత్రం దాకా ఆగుంటే నా చేతుల్లో ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు కూడా మాటివ్వలేను. బయట కూర్చోండి."

బయట బల్ల మీద కూర్చున్నారు. ఆఖరికి ఆమే అంది.

"పొద్దునే చూశాను. చెప్పకుండా పనికి పోయాను."

అతను గోళ్ళలో ఇరుక్కున్న ఇనప రజను గీక్కుంటున్నాడు.

"పాపకీ అంతే. ఆ రాత్రే చూశాను. మిమ్మల్ని లేపలేదు."

అతను గీకడం ఆపాడు. "నేనూ విన్నాను," అన్నాడు.

"ఏంటి?"

"పాప ఊపిరి. నాకు మెలకువగానే ఉంది. నువ్వు లేచావు కదా, చూసుకుంటావులే అనుకున్నా."

ఆ మాట తలకెక్కాక ఆమె అతని వైపు పూర్తిగా తిరిగి కూర్చుంది.

"మరి నన్నెందుకన్నారు?"

"ఏమన్నాను?"

"నీకు ముందు తెలియలేదా అని! తాళం తీస్తూ! ఇన్నేళ్ళు ఆ మాట మోసుకుని తిరిగాను నేను!"

"ఎవర్నో ఒకర్ని అడక్కపోతే నన్ను నేను అడుక్కోవాల్సొచ్చేది," అన్నాడు అతను. తర్వాత అతని గొంతు కూడా లేచింది. "నువ్వైనా ఓ మాట తిరిగి అనొచ్చు కదా! నోరు కట్టేసుక్కూర్చున్నావు! తిట్టొచ్చు కదా!"

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. చెవులు వేడెక్కాయి. కోపం ఇలా ఉంటుందని మర్చిపోయింది. "నేను తిట్టాలా? మీరు చేసిన పనికి నేనే నోరు తెరవాలా?" అంటూ లేచి నిలబడింది. అతనూ లేచాడు. పక్కన పిల్లి బుట్టతో కూర్చున్న ముసలాయన బల్ల చివరికి జరిగాడు. ఒకరి మొహం ఒకరు సూటిగా చూసుకుంటూ, ఏళ్ళ తరబడి కుక్కలకి కూడా చెప్పుకోలేని మాటలన్నీ ఇద్దరూ ఏడుస్తూ, అరుస్తూ అనేసుకున్నారు.

లోపలినుంచి వచ్చిన డాక్టరమ్మ, మీ కుక్క గండం గడిచిందని చెప్పడానికి ఆ గొడవ ఆగేదాకా గుమ్మంలోనే నిలబడాల్సి వచ్చింది.