మూడో అంతస్తు తెలుపు

మధ్యాహ్నం దాటినా కాసులమ్మ ఇంకా మోకాళ్ళ మీదే ఉంది. పోర్టు నుంచి లేచే ఎర్ర ధూళి లారీ డ్రైవర్ల చెప్పులతో పాటు ఆ షిప్పింగ్ ఆఫీసు కింది అంతస్తు మరుగుదొడ్లలోకి వస్తుంది. తడి తగలగానే పలకల సందుల్లో తుప్పులా పట్టేస్తుంది. పొద్దుటి నుంచి రుద్దుతూనే ఉంది. మరక మాత్రం కదల్లేదు.

సూపర్‌వైజర్ అర్జునరావు ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే ఆగాడు.

“ఏటే కాసులమ్మా, ఇదేనా కడగడం? మీ తోడికోడలు మూడో అంతస్తుని పాలరాయిలాగ మెరిపించేత్తంది. దాన్ని సూసైనా నేర్సుకో.”

ఆరేళ్ళుగా ఈ ఆఫీసు కడుగుతున్నది తను. మరిది పెళ్ళాం తాయారును తమ ఊరు పద్మనాభంలో బస్సెక్కించి తీసుకొచ్చి, ఇదే అర్జునరావు ముందు నిలబెట్టి, పనిమంతురాలని చెప్పిందీ తనే. ఏడాది తిరక్కుండా తాయారు పైకి వెళ్ళిపోయింది. అక్కడ ఆఫీసర్లు, చల్లగాలి, ఫ్లాస్కులో మిగిలిన టీ. పని పెందలాడే అయిపోతుంది. ఆ అంతస్తు నీదేనని కాసులమ్మకు ఏనాడో మాటిచ్చినవాడు కూడా అర్జునరావే.

మెట్ల కింద అన్నం తింటుండగా తాయారుకు దగ్గు తెర వచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా దగ్గింది.

“ఆఫీసర్ల ఏసీ పడ్డం నేదేటే మారాణికి?” అంది కాసులమ్మ.

“నీకన్నీ ఎటకారాలే అప్పా. ఇంద, గోంగూర ఏసుకో.”

“గోంగూర సంగతి కాదే. పైన అంత తెలుపెలగొత్తంది? ఏటి సేత్తన్నావ్?”

తాయారు ముద్ద కలపడం ఆపింది. “ఏటీ నేదప్పా. గట్టిగా రుద్దడమే.”

చెయ్యి పట్టుకుని తెచ్చిన పిల్ల తన దగ్గరే దాస్తోంది. కాసులమ్మ ఆ గోంగూరను ఒక పక్కకి నెట్టేసింది.

తినడం అయ్యాక, బకెట్టు వంక పెట్టుకుని పైకి వెళ్ళింది. ఓరగా వేసిన తలుపు సందులోంచి చూసింది. తాయారు పమిటను ముక్కు మీదుగా బిగించి కట్టుకుంది. పలకల మీద బ్లీచింగు పొడి చల్లింది. దాని మీద కూల్‌డ్రింకు సీసాలోంచి యాసిడ్ పోసింది. ఇంతేనా! ఆ రెండూ కాసులమ్మకు కూడా ఇచ్చేవే. ఒకదానితో నేల, ఇంకొకదానితో దొడ్లు కడుగుతుంది. తాయారు ఇటు తిరుగుతున్న అలికిడి కాగానే గబగబా మెట్లు దిగిపోయింది. అందుకే మిగతా సగం ఆమె చూడలేదు. తాయారు ఊపిరి బిగబట్టి వసారాలోకి పరిగెత్తడం చూడలేదు. కిటికీ ఊచలు పట్టుకుని దగ్గడమూ చూడలేదు.

ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. గాలి కన్నా బరువైనది కనుక నేల మీద పరుచుకుంటుంది. వంగి పనిచేసేవాళ్ళ ముఖాలు ఉండేది అక్కడే. కలపకూడదని బ్లీచింగు బస్తా మీద ఇంగ్లీషులో అచ్చువేసి ఉంది. బస్తా స్టోరు గదిలో ఉంటుంది. ఆడవాళ్ళకు అందేది డబ్బాలో పోసిన పొడి మాత్రమే.

కాసులమ్మ కింది మరుగుదొడ్లలోకి వెళ్ళి గడియ వేసుకుంది. కిటుకు ఎవరి కంటా పడకూడదు. తాయారు చల్లినదానికి రెట్టింపు చల్లింది; పై అంతస్తు కన్నా తనది తెల్లబడాలి. యాసిడ్ పోసింది. పొడి బుసబుస పొంగింది. పచ్చని పొగ లేచింది. దాని కింద మరక కరిగిపోతుంటే, సంబరంగా ఇంకా వంగి చూసింది. ఆ సంబరంలోనే నిండుగా ఊపిరి పీల్చింది.

గొంతు మూసుకుపోయింది. కళ్ళు కనిపించలేదు. గడియ ఎటు ఉందో చేతికి తెలియలేదు.

“అప్పా! గడియ తియ్యి! వంగకు, పైకి నెగు!”

డబ్బాలో పొడి పోయించుకుందామని కిందికి దిగిన తాయారు ఆ వాసన పోల్చుకుంది. తడుముతున్న కాసులమ్మ చేతికి గడియ ఎప్పటికో ఊడింది. తాయారు చేతిలోని డబ్బా విసిరేసి, కాసులమ్మను రెక్క పట్టుకుని పెరటి కుళాయి దాకా ఈడ్చుకెళ్ళింది.

నీళ్ళు పుక్కిలించి ఉమ్మాక కాసులమ్మ అడిగింది. “నువ్వెలగ... బతికున్నావే?”

“పోసీసి పరిగెత్తీడమే అప్పా. ఆ సూపర్‌వైజర్ బాబే సూపించాడు. ఎవలికైనా సెప్తే కిందకి దించీస్తానన్నాడు. నా దగ్గు ఏసీది కాదు.”

అర్జునరావు వచ్చాడు. “జారి పడిందని సెప్పండి. గేసూ గీసూ అని ఎవలైనా నోరెత్తారో...” అంటూనే మరుగుదొడ్ల గుమ్మంలోంచి లోపలికి తొంగిచూశాడు. గొంతు మారింది. “అబ్బో! నీకూ పనొచ్చీసినాదే! రేపట్నించి మూడో అంతస్తు నీదే. దీని దగ్గుకి ఆఫీసర్లు ఇసుక్కుంతన్నారు. ఇది కిందకొత్తాది.”

ఈ మాట కోసమే కాసులమ్మ ఇన్నేళ్ళు చూసింది. తాయారు ముఖం పాలిపోయింది. అది చూడ్డానికి ఒక్క క్షణం, నిజంగానే, బాగుందనిపించింది. అసూయ అంత తొందరగా వదిలే జబ్బు కాదు. అంతలో దగ్గు ముంచుకొచ్చింది. తన దగ్గు అచ్చం తాయారు దగ్గులాగే వినిపించింది.

“నానెల్లను బాబూ.”

“ఏటీ?”

“పైనైనా కిందైనా, ఆ రెండూ నాను కలపను.”

“కలపకపోతే తెలుపెలగొత్తాది?”

“రాదు.”

అర్జునరావు ఆమెను వదిలేసి రెండో మనిషి వైపు తిరిగాడు. తాయారు విసిరేసిన డబ్బా పెరటి గుమ్మం దగ్గర పడి ఉంది. దాన్ని చెప్పుకాలితో ఆమె ముందుకి నెట్టాడు.

“ఇది పొగరు. మరి నువ్వేటంతావే తాయారూ? పైన ఉంతావా, పోతావా?”

కాసులమ్మ తోడికోడలి వీపు వైపు చూసింది. ఆ వీపు ఎంత తేలిగ్గా వంగుతుందో ఆమెకు తెలుసు. తనదీ అలాగే వంగేది.

డబ్బా పాదాలకు తగిలి ఆగింది. తాయారు వంగలేదు. ఇంకా వంగలేదు.