మూడు దెబ్బలు

నేను ఒక ఇనప పిడిని. కాలువ గట్టున తూము తలుపు ఎత్తేది నాతోనే. పుట్టింది కమ్మరి కొలిమిలో, బతికింది లస్కరు కొర్లయ్య అరచేతుల్లో. లస్కరంటే కాలువకి కాపలా మనిషి. నౌకరీ సర్కారుది, చివాట్లు అందరివీను.

కొర్లయ్యకో పట్టింపుంది. తలుపెత్తే ముందు, గట్టు మీద వేలాడే రైలు పట్టా ముక్కని నాతో మూడుసార్లు బాదుతాడు. దిగువ వాళ్లు సర్దుకోవాలి కదా! ఏ రూల్లోనూ లేదది. ఆ బాదుడికి నా మూతి సొట్టపోయింది.

ఆ వానాకాలం గట్టు జారుతోంది. "తెరిచెయ్యి కొర్లయ్యా, తెగితే మూడూళ్లు పోతాయి" అన్నారు ఫోనులో ఇంజినీరు వసుంధర గారు. బాదాడు, తిప్పాడు. ఊళ్లు దక్కాయి. దిగువన దాలినాయుడి మడి మాత్రం ఇసక మేటేసింది.

దాలినాయుడు ఊరుకుంటాడా? సర్కారు చేతికి చిక్కదు, లస్కరైతే దొరుకుతాడు. కొర్లయ్య మీదే దావా వేశాడు. ఓడితే ఉన్న అరెకరం పోతుంది. నన్నూ చీటీ కట్టి కోర్టు బీరువాలో పడేశారు. మూడేళ్లు! బల్ల మీద పెట్టినప్పుడల్లా అతను చేతులు వెనక్కి దాచుకోవడం చూసి ఏడుపొచ్చేది నాకు.

మంచి మనసుతో, జాగ్రత్తగా విధి చేసిన నౌకరు సొంతంగా బాధ్యుడు కాడన్నాడు సర్కారు వకీలు.

"మరి జాగ్రత్తపడ్డట్టు రుజువేదీ?" అన్నారు జడ్జిగారు.

వకీలు దాలినాయుడి వైపు తిరిగాడు. "మడి మునిగింది సరే, మీ గేదెలెలా బతికాయి?"

దాలినాయుడు కోపిష్ఠే గానీ అబద్ధాలకోరు కాడు. "మూడు దెబ్బలు ఇనబడ్డాయి బాబూ. గేదెల్ని ఇప్పీసినాను" అన్నాడు. అన్నాక నాలిక్కరుచుకున్నాడు. దావా కొట్టేశారు, నన్ను మళ్లీ గట్టుకి పంపేశారు.

మళ్లీ వాన, మళ్లీ ఫోను. చట్టం కాపాడింది నిజమే, ఆ సంగతి చేతులకి తెలియొద్దూ? మూడు దెబ్బలు బాది, నన్ను మరలో దోపబోయి ఆగిపోయాడు కొర్లయ్య. నీళ్లు గట్టు అంచుకొచ్చేశాయి. తిప్పవయ్యా బాబూ, నోరుంటే అరిచేదాన్ని! అతను తిప్పలేదు. ఇంకో మూడు బాది, దిగువకి చెవొగ్గి నిలబడ్డాడు.

వానలోంచి దాలినాయుడి గొంతు వచ్చింది. "ఇప్పీసినాన్రా కొర్లయ్యా! తిప్పరా!"

తిరిగాను. నా బతుకులో అంత తేలిగ్గా ఎన్నడూ తిరగలేదు.