ఊడ దిగని పూలు

కంబదూరు దగ్గర ఒక ఊరి అంగన్వాడీ గోడకు ఆఫీసు పంపిన పటం ఒకటి వేలాడుతోంది. సత్యం, క్రమశిక్షణ, దేశభక్తి అని పెద్ద పెద్ద అక్షరాలు. చదవడం రాని పిల్లలకు అక్షరాలు! దాన్ని పంపిన దొర నాలుగేళ్ల పిల్లను ఎన్నడూ చూసి ఉండడు.

టీచరు సువర్ణ ఆ పటం జోలికి పోదు. ఆమె దగ్గర లహరి ఉంది. ఐదేళ్లు, పుట్టుగుడ్డి. "కండ్లు లేని పిల్లకు బడి ఎందుకు?" అని ఊరు అడిగితే, "కండ్లుండి మీరేం చూసినారు?" అని నోరు మూయించి చేర్చుకుంది.

పోయిన పంద్రాగస్టుకు జెండా విప్పుకోగానే లోపల కట్టిన బంతి రేకులు లహరి ముఖం మీద రాలాయి. "జెండా వచ్చింది! మెత్తగుండాది!" అని అరిచింది. ఆ పిల్లకు జెండా అంటే అదే. మళ్లీ ఎప్పుడొస్తాదని ఏడాదంతా అడుగుతూనే ఉంది.

ఈ ఏడు, 2002లో, వాన లేదు. ఊళ్లో ఒక్క పూలమొక్క బతకలేదు. పంద్రాగస్టుకు ముందురోజు సువర్ణ రంగుకాగితం కత్తిరించి లహరి మీద చల్లి చూసింది.

"ఇది జెండా కాదు టీచరమ్మా. కాగితం," అంది లహరి. ఏడవలేదు. సువర్ణకు అదే కష్టమైంది.

ఏటా జెండా ఎగరేసే గంగాధరప్ప గడపలో నిలబడి ఇదంతా చూశాడు. పదెకరాల శెనక్కాయ రైతు.

"జెండా ఎగిరితే సాల్లేమ్మా. తాగే నీళ్లకే దిక్కు లేదు, పూలు యాడ తెస్తావు?"

"ఎగిరేది నీకు కనపడతాది పెద్దనాయనా. దానికో?"

అతను తువ్వాలు దులుపుకుని పోయాడు.

తెల్లవారి పిల్లలు వరుసగా నిలబడ్డారు. ఎర్రదుమ్ము నిద్రలో నడుస్తున్నట్టు మెల్లగా కదులుతోంది. గంగాధరప్ప ఆలస్యంగా వచ్చి తువ్వాలు మూట విప్పాడు. శెనక్కాయ పూలు. పసుపుపచ్చగా, గోరంత.

సువర్ణ అదిరిపడింది. పూవు రాలాక అక్కణ్ణుంచి ఊడ మట్టిలోకి దిగితేనే కాయ. ఆ పూవును ఏ రైతూ తెంపడు.

"ఏం పని పెద్దనాయనా ఇది! కాయ పోదా?"

"ఊడ యాడ దిగుతాదమ్మా? నేల బండైపోయింది."

పంట పోయిందన్న మాట అతను ఇంట్లో కూడా అనలేదు. ఇక్కడ అన్నాడు.

పూలు జెండాలో మడిచి కట్టాడు. తాడు లహరి చేతికిచ్చి, ఆ చేతిమీద తన చేయి వేసి లాగాడు.

ఆ పూలకు నేలకు దిగే తొందర లేదు. గాలిలో ఆగాయి, తిరిగాయి, ఒక్కొక్కటే వచ్చాయి. లహరిలా చూద్దామని ఒక పిల్ల కళ్లు మూసుకుంది. పక్కవాడు మూసుకున్నాడు. తర్వాత అందరూ. ఎవరూ చెప్పలేదు, ఏ పటంలోనూ లేదు. జాతీయగీతం పాడేటప్పుడూ తెరవలేదు. మూసిన రెప్పల మీద పచ్చటి వాన కురుస్తూనే ఉంది.

"వచ్చింది," అంది లహరి.

చెంపకు అంటుకున్న పూవు తీసి, గంగాధరప్ప అరచేయి తడిమి అందులో పెట్టింది.

"నీ చేన్లోదే కదా తాతా? విత్తుకో."

పూవు విత్తితే మొలవదని చెప్పబోయాడు. ఆగి, దాన్ని తువ్వాలు కొనకు ముడేసుకున్నాడు.