కడిగిన పురుగులు

వీధిలో అందరూ ఆమెను ముఖాలావిడ అంటారు. ఫొటో స్టూడియో వెనక గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని, భర్త తీసిన ఫొటోల్లో జనం ముఖాలను శుభ్రం చేయడం ఆమె పని. మొటిమలు తీసేస్తుంది, కళ్ళకింద నలుపు చెరిపేస్తుంది, గారపట్టిన పళ్ళను మల్లెమొగ్గలు చేస్తుంది. ఆ ఇంట్లో దానికి పేరు ‘కడగడం’. మామగారి కాలం నుంచీ అదే మాట. ఆయన ఒక నియమం కూడా పెట్టిపోయాడు: కడగని ముఖం కొట్లో ఉండకూడదు. “మనల్ని నమ్మి ముఖం ఇచ్చారు. వాళ్ళ లోపాలు మన దగ్గర దాచుకోవడం పద్ధతి కాదు” అనేవాడు. పెద్దాయన పోయినా పద్ధతి పోలేదు. ఆమె కడిగిన ఫొటోను పాతదాని మీదే ఎక్కించి భద్రం చేస్తుంది. సాయంత్రానికి ఆయన కెమెరాలోవి తుడిచేస్తాడు. ఆ తర్వాత ఎవరికి ఎక్కడ మచ్చ ఉండేదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

ఇన్నేళ్ళలో ఏ ముఖాన్ని చూసీ ఆమె అసహ్యపడలేదు. ఆమె అసహ్యమంతా పురుగుల మీదే. బియ్యంలో ఒక్క తెల్లపురుగు కదిలితే డబ్బా డబ్బా పారబోసే మనిషి. కాలీఫ్లవర్ ఆ ఇంటి గడప తొక్కి ఏళ్ళయింది.

అలాంటిదాని మొగుడు పోయి పోయి పురుగుల మీద పడ్డాడు.

ఫోన్లు వచ్చి ఎవరి ముఖం వాళ్ళే కడుక్కోవడం మొదలుపెట్టాక స్టూడియోలో ఈగలు తోలుకోవడమే మిగిలింది. ఖాళీగా కూర్చోలేక ఆయన ఊరి చివరి పచ్చికబయలుకు పోయి, గడ్డిలో బోర్లా పడుకుని, ఆవగింజను గుమ్మడికాయంత చేసి చూపించే లెన్సుతో పురుగుల్ని తీయడం నేర్చుకున్నాడు. ఆ ఫొటోలు పిల్లల పుస్తకాలు వేసే ఒకావిడ కంటపడ్డాయి. ఒకే ఒక్క పిచ్చిమొక్క, దానిమీద బతికే జీవాలు – ఇదీ పుస్తకం అంది. ఇది కుదిరితే వరసగా ఇంకొన్ని ఇస్తానంది. కుదరకపోతే షట్టర్ దించేయడమే. ఆ మాట మొగుడూ పెళ్ళాలు పైకి అనుకోలేదు గానీ, పొద్దున్నే షట్టర్ ఎత్తేటప్పుడు ఇద్దరికీ అదే గుర్తొచ్చేది.

ఆయన మొదటి విడత ఫొటోలు తెచ్చిన రోజు, ఆమె ఒకటి తెరిచి కుర్చీతో సహా వెనక్కి జరిగింది.

తెరనిండా ముళ్ళ కాడ ఒకటి. కాడ అన్నమాటే గానీ కాడ కనిపించడం లేదు. దానినిండా ముదురు గోధుమరంగు పేనుబంక, ఒకదాని మీద ఒకటి, చర్మం మీద పొక్కులు లేచినట్టు. ఉబ్బిన పొట్టలు. కాడలో గుచ్చి వదలని ముక్కులు. కొన్నిటి వెనక భాగాన జిగట చుక్క, ఆ చుక్కకు నోరు పెట్టి జుర్రుకుంటున్న చీమ. మధ్యమధ్య అవి విడిచిన కుబుసాలు, స్నానాల గదిలో ఎవరో వదిలేసిన లోదుస్తుల్లా తెల్లగా వేలాడుతూ.

“ఏమైందే, తేలు కుట్టిందా?” పక్కగదిలోంచి అత్తగారు అడిగింది.

“మీ అబ్బాయి ఏం తెచ్చారో వచ్చి చూడండి అత్తయ్యా.”

అత్తగారు కళ్ళజోడు సర్దుకుని చూసింది. “పేనుబంకే కదా. మొక్కలకు పేలు. చిన్నప్పుడు నీ తలలో లేవూ?”

“ఇప్పుడే భోంచేసి కూర్చున్నానండీ!”

ఆయన మాత్రం పెళ్ళికొడుకులా వెలిగిపోతున్నాడు. “ఆ చుక్క ఉంది చూశావూ, అది తియ్యగా ఉంటుంది. చీమలు దానికోసమే వీటిని ఆవుల్ని కాసినట్టు కాస్తాయి.”

“తియ్యగా ఉంటుందని మీకెలా తెలుసు? నాకారా?”

“నాకలేదే తల్లీ, చదివాను.”

“నాకితే మాత్రం ఇవాళ్టి నుంచి మీ గ్లాసు వేరు, మీ మంచం వేరు.”

ఆ మధ్యాహ్నమే పుస్తకాలావిడ ఫోన్ చేసింది. “ఫోన్లో పంపిన చిన్న ఫొటోలు చూశాను, బ్రహ్మాండం. అచ్చుకు పెద్దవి కాస్త శుభ్రం చేసి పంపండి. ఆ చుక్కలూ పొట్టులూ లేకుండా. కొనేది తల్లులు కదండీ, చూడగానే ఛీ అనుకుంటే పక్కన పెట్టేస్తారు. కడిగిన ముత్యాల్లా ఉండాలి.”

“మా ఆవిడ చేయి పడితే ముత్యాలే” అన్నాడాయన. కెమెరా సంచి భుజాన వేసుకుని బయటికి పోతూ, “మూడోది బాగా చెయ్యి. పుస్తకానికి అదే ప్రాణం” అన్నాడు.

ఆమె రుమాలు ముక్కుకు కట్టుకుంది, కంప్యూటర్‌లోంచి వాసన వస్తున్నట్టు. అయినా చేయి ముందుకు సాగలేదు. మెడమీద ఏదో పాకుతున్నట్టుంది, తడుముకుంటే చెమట. చివరికి ఒక ఉపాయం తోచింది. పురుగు పురుగులా కనిపించనంత పెద్దది చేసుకుంది. తెరనిండా ఒక్క పొట్ట అంచో, ఒక్క కాలి కణుపో వచ్చేంతగా. అప్పుడిక అది రంగు మరకలే. గోధుమరంగు మీద తెల్లటి మరక ఉంటే గోధుమరంగు పూసింది. ఆకుపచ్చ మీద నల్లటి చుక్క ఉంటే ఆకుపచ్చ పూసింది. వెనక్కి జరిగి మొత్తం ఫొటో చూసే ధైర్యం ఆమె చేయలేదు. ఒక మూల నుంచి మొదలుపెట్టి, ఇల్లు తుడిచినట్టు వరసగా తుడుచుకుంటూ పోయింది.

మూడోదానికి వచ్చేసరికి, బాగా బలిసినదాని వెనక లేత పసుపు ముద్ద ఒకటి తగిలింది. చుక్కలన్నిటికంటే పెద్దది. జిగటగా, పొడుగ్గా, సగం బయటా సగం లోపలా.

“ఛీ ఛీ, దీనికి విరేచనాలు కూడానా!”

దాన్ని మరీ శ్రద్ధగా తీసింది. పొట్ట అంచును చక్కగా గుండ్రం చేసింది. పాతదాని మీద కొత్తది ఎక్కించి, మోచేతుల దాకా సబ్బు రాసి కడుక్కుంది.

మర్నాడు పొద్దున ఆయన ఫొటోలు ఒక్కొక్కటే తిప్పుతూ మూడోదాని దగ్గర ఆగిపోయాడు.

“పిల్ల ఏదే?”

“ఏ పిల్ల?”

“పుడుతున్న పిల్ల! దీని వెనక… ఇక్కడ… లేత పసుపురంగులో…”

“అది పిల్లా?”

“ఇవి గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. కాళ్ళు చివర బయటికొస్తాయి. దానికోసం ఆ రోజు పొద్దుటి నుంచీ గడ్డిలో శవంలా పడుకున్నానే నేను!”

“మరి చెప్పొద్దా? బాగా చెయ్యమన్నారు, బాగా చేశాను. దాని పురిటినొప్పులు నాకెలా తెలుస్తాయి, అదేమన్నా అరిచిందా?”

“పురుగునూ పెళ్ళికూతుర్నీ ఒకేలా కడుగుతారా ఎవరైనా?”

“మీ నాన్నగారిని అడగండి! పాతది ఉంచకూడదన్నది ఆయనే!”

“మధ్యలో చచ్చిన మనిషినెందుకు లాగుతారు?” అని అత్తగారు గుమ్మంలోకి వచ్చింది. “ఆయన పురుగుల్ని ఫొటోలు తీయమని చెప్పాడా?”

పాతది లేదు. కెమెరాలోది నిన్న సాయంత్రమే తుడిచేశాడు, ఫోన్లో పంపిన చిన్నది అచ్చుకు పనికిరాదు. పుస్తకంలో ఆ పేజీకి మాటలు రాయడం కూడా అయిపోయింది: అమ్మకు పిల్ల పుట్టింది, చూడండి అని. ఫొటో సాయంత్రానికల్లా ఇవ్వాలి. పుట్టని పిల్లకు పేజీ కేటాయించి పుస్తకం వేసుకుంటారా? ఇక తర్వాతి పుస్తకాల ఊసే ఎత్తరు. అన్నిటికీ మించి, ఇవాళ బయలులో గడ్డి కోసే మిషను దిగుతోంది.

ఆయన సంచి సర్దుతూ ఆమె వైపు చూడకుండా అన్నాడు: “గాలి బాగా ఉంది. క్లిప్పు పెడితే కాడ నలిగి అవి రాలిపోతున్నాయి. చేత్తో పట్టుకునే మనిషి కావాలి.”

“ఏం పట్టుకోవాలి?”

“కాడ.”

“ఆ కాడా? నేనా?” ఆమె గొంతు కీచుమంది. “నన్ను చంపేయండి, ఒక పని అయిపోతుంది.”

అత్తగారు ఆమె చెప్పులు తెచ్చి ముందు పడేసింది. “మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలమ్మాయ్. నడువు.”

బయలు అవతలి కొసన మిషను అప్పటికే గుర్రుమంటోంది. నడుమెత్తు పెరిగిన ముళ్ళమొక్క దగ్గర ఆయన బోర్లా పడుకున్నాడు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, రెండు వేళ్ళతో కాడ పట్టుకుంది. బంక. ముళ్ళకన్నా ముందు బంకే తగిలింది. ఎవరో ఉమ్మిన బెల్లం మీద చేయి వేసినట్టు. ఒక కన్ను తెరిచి చూస్తే ఆకులన్నీ జిగటగా మెరుస్తున్నాయి.

“కొంచెం పైకి. ఆ, అక్కడ. కదలకు.”

“ఏదో ఎక్కుతోందండీ నా గోరు మీదికి.”

“ఎక్కనీ.”

“మీ గోరు మీదికి ఎక్కితే తెలిసేది.”

“మాట్లాడకు, కాడ అదురుతోంది.”

చాలాసేపు ఏమీ జరగలేదు. ఒకటి వేలి సందులోకి దూరింది. ఇంకొకటి మణికట్టు దాటింది. దులుపుకోవాలని ఒళ్ళంతా గుంజుతోంది. నోట్లో పుల్లటి నీళ్ళూరుతుంటే మింగుతూ కూర్చుంది. అంతలో కెమెరా వెనక చిన్న తెరను ఆయన ఆమెకు కనిపించేలా తిప్పాడు. ఒక బలిసినది వెనక కాళ్ళ మీద పైకి లేచింది. దాని తోకవైపు లేత పసుపు ముద్ద మెల్లగా ఉబుకుతోంది.

అప్పుడే మిషను వాళ్ళ వైపు తిరిగింది. గడ్డీ పువ్వులూ పిండి చేస్తూ దగ్గరికొచ్చేస్తోంది. ఆయన ఊపిరి బిగబట్టి వరసగా నొక్కుతున్నాడు. నోరు తెరిస్తే ఫొటో పోయినట్టే.

“ఆపయ్యా! ఆపు!” ఆమె భుజం కదలకుండా గొంతు ఒక్కటే చించుకుంది.

డ్రైవరు మిషను ఆపి వంగి చూశాడు. గడ్డిలో బోర్లాపడ్డ మగమనిషి, పక్కన ముళ్ళు పట్టుకుని కూర్చున్న ఆడమనిషి. “ఏమైందమ్మా? ఆయనకు ఒంట్లో బాగోలేదా?”

“బాగానే ఉంది. ఇక్కడ కాన్పవుతోంది!”

“ఎవరికి?”

“దీనికి!”

డ్రైవరు దిగొచ్చాడు. ముందు ఆమె చేతిని చూశాడు, తర్వాత తెర చూశాడు. మూతి వంకర తిరిగిపోయింది. “యాక్. ఇదేం రోగమమ్మా మీకు? పొద్దున్నే!”

“నాకూ వాంతి వచ్చేలాగే ఉంది. కాళ్ళు వచ్చేదాకా ఆగు బాబూ.”

“దేని కాళ్ళు?”

“పిల్లవి. నోరు మూసుకుని నిలబడు, నీ గాలి తగిలినా అదురుతుంది.”

అతను నోటికి చేయి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. పసుపు ముద్ద కిందికి జారి, విప్పుకుంది. దారాల్లాంటి కాళ్ళు ఒక్కొక్కటే బయటికి లాక్కుని, తడితడిగా కాడను పట్టుకుంది. పురుగులో పురుగు. ఆమెకు ఎక్కడా జాలి కలగలేదు, ముద్దూ రాలేదు. ఇంకో అసహ్యం భూమ్మీద పడిందనే అనిపించింది. కానీ వేళ్ళు మాత్రం వదల్లేదు.

“అయింది” అన్నాడాయన.

ఆమె ఎగిరి లేచి చేతులు దులుపుకుంది, గడ్డికి రాసుకుంది, మట్టికి రాసుకుంది, చాలక ఆయన చొక్కా వెనక తుడిచింది. పొదవైపు తిరిగి కక్కుకుంది కూడా.

“ఇక ఈ మొక్క జోలికి నేను రాను” అన్నాడు డ్రైవరు మిషను ఎక్కుతూ. “కోస్తే ఇవన్నీ నా మొహాన పడతాయి.” ఆ మొక్క చుట్టూ బారెడు దూరం వదిలేసి మిగతాదంతా కోసుకుంటూ పోయాడు.

ఇంటికొచ్చి స్నానం చేసి, మళ్ళీ స్నానం చేసి, ఆమె ఫొటో తెరిచింది. తల్లి, పిల్ల, జిగట, కుబుసాలు, చీమలు, పక్కనే ఆమె సొంత బొటనవేలు. దాని గోరు మీద ఒకటి నిలబడి ఉంది.

“కడగవా?” అన్నాడాయన.

“ఇంక ముట్టుకోవడం నా వల్ల కాదు. ఉన్నదున్నట్టు పంపేయండి. తీసుకుంటే తీసుకుంటుంది.”

పంపాక ఇద్దరూ ఫోన్ చూస్తూ కూర్చున్నారు. చీకటి పడకముందే మోగింది.

“ఏమండీ ఆ ఫొటో! ఒళ్ళు జలదరించింది నాకు” అంది పుస్తకాలావిడ. ఆయన ముఖం పాలిపోయింది. “మా పాప చూసి ఛీ ఛీ అని పరుగెత్తింది. మళ్ళీ వచ్చి చూపించమంది. ఇప్పటిదాకా ఫోను నా చేతికిస్తే ఒట్టు. ఆ వేలు పక్కన ఉండబట్టి అవెంతుంటాయో తెలుస్తోంది. ఇదే వేసేద్దాం. మిగతావి కూడా ఇలాంటివే కావాలండీ, కడగక ముందువి. ఉన్నాయిగా?”

ఆయన నోరు తెరిచి ముఖాలావిడ వైపు చూశాడు. ఆమె ఫోను లాక్కుంది.

“ఉన్నాయండీ. నాలుగు రోజులు టైమివ్వండి, పంపిస్తాం.”

ఫోను పెట్టేసి, లోపలి గదిలోకి కేకేసింది: “అత్తయ్యా, మీ చిరిగిన పాత చేతిగుడ్డలన్నీ తీయండి. తెల్లారితే మళ్ళీ పోవాలి ఆ దరిద్రం దగ్గరికి.”