చెరువులో తాబేళ్లు లేవు

రొయ్యల మేత కలుపుతుంటే మా ఆయన సీతారామాంజనేయులు గట్టు మీద నుంచే అన్నాడు. "ఇంక ఆ మేత దండగ. అమెరికావాళ్లు చట్టం చేశారు. మన రొయ్య కొనరంట."

తొంభై ఆరు వేసవి అది. రేపల్లె అవతల మా నాన్న నాకిచ్చిన వరిచేనును చెరువుగా తవ్వించింది మా ఆయనే. మేత కలిపేది, నీళ్లు చూసేది, రొయ్యలు పట్టే రోజున కూలీలందరికీ వండేది నేను. ఊళ్లో మాత్రం అది ఆంజనేయులుగారి చెరువు.

సాయంత్రం రొయ్యలు కొనే లక్ష్మీనారాయణ వచ్చాడు. సముద్రంలో రొయ్యల వలల్లో పడి తాబేళ్లు చచ్చిపోతున్నాయని, అందుకే ఈ చట్టమని చెప్పాడు. పోనీలే పాపమన్నట్టు, మా చెరువు భూమి తనే కొంటానన్నాడు.

"మన చెరువులో తాబేళ్లు లేవు కదండీ?" అన్నాను కాఫీ ఇస్తూ.

ఇద్దరూ నవ్వారు. "చూశారా, మా ఆవిడకి అమెరికా సంగతులు కూడా కావాలి" అన్నాడు మా ఆయన. పెళ్లైన కొత్తలో మా అత్తగారూ ఇంతే. "చదువుకున్న పిల్ల కదా, అన్నిటికీ ప్రశ్నలే" అని నలుగురిలో నవ్వేది. ఆ నవ్వుకి జడిసే ఇన్నేళ్లూ ఎన్నో ప్రశ్నలు మింగేశాను. ఈసారి మింగుడు పడలేదు. ఎవరూ కొనని రొయ్యలు పెంచే నేల ఈ లక్ష్మీనారాయణకెందుకు? ఉప్పునీళ్లు తాగిన నేల, మళ్లీ వరికైనా పనికిరాదే! తెనాలిలో ఐసు ఫ్యాక్టరీలో వాటా అంటూ కొన్నాళ్లుగా మా ఆయన మంతనాలాడుతున్నది ఎవరితో? ఇతనితోనేనా?

అక్కని చూసొస్తానని చెప్పి, తెనాలిలో రైలు మారి బాపట్ల వెళ్లాను. నాతో చదువుకున్న సారా అక్కడ వ్యవసాయ కాలేజీలో పాఠాలు చెబుతోంది.

"ఆ చట్టం సముద్రంలో పట్టిన రొయ్యకే ప్రమీలా. చెరువు రొయ్యకి కాదు. పాపం, పడవలవాళ్ల నోట్లో మట్టి కొట్టింది. నీకేంటి భయం?" అంది.

ఇంటికొచ్చి ఆ మాటే మా ఆయనతో అన్నాను. ఆయన "నిజమా?" అనలేదు.

"నీకెవరు చెప్పారు?" అన్నాడు.

ఇన్నేళ్ల కాపురంలో ఆయన నాకు చెప్పిన మాటలన్నీ ఒక్కొక్కటే మళ్లీ వినబడటం మొదలైంది.

మర్నాడు పొద్దున్నే, వాళ్లిద్దరూ అనుకున్న ప్రకారం లక్ష్మీనారాయణ కారేసుకుని వచ్చాడు. "బయల్దేరదామా చెల్లెమ్మా? రిజిస్ట్రారు ఆఫీసు తెరిచే వేళయింది."

"నేను అమ్మడం లేదండి" అన్నాను. "రొయ్యలు కూడా మీకివ్వడం లేదు. ఇక కొనేవాళ్లతో నేనే మాట్లాడుకుంటాను."

లక్ష్మీనారాయణ మా ఆయన వైపు చూశాడు.

"అటు చూడకండి అన్నయ్యగారూ. సంతకం నాది."