నీలం అంటని గవ్వలు

రాయి నానుతోంది.

నల్లరాయి. నాలుగువందల అడుగుల లోతు నుంచి బోరు మిషన్ పైకి తెచ్చిన రాయి. బట్టల సోడా కలిపిన నీళ్లలో మూడు రోజులుంటే మెత్తబడుతుంది, బురదవుతుంది... ఎన్నడూ ఎండ చూడని మట్టి వాసన లేస్తుంది.

ఆ బురదను కడగడమే ఆదెమ్మ పని.

పందొమ్మిది వందల ఎనభై నాలుగు, ఎండాకాలం. కల్లూరు దాటాక, టేకు అడవి మొదలయ్యే చోట బొగ్గు కోసం బోర్లు వేస్తున్నారు. రేకుల షెడ్డు. బల్ల మీద మైక్రోస్కోపు. దాని ముందు షాకేరా — ఖమ్మం నుంచి వచ్చిన జియాలజిస్టు, ఇరవై ఆరేళ్ల పిల్ల.

ఆదెమ్మ జల్లెడలో బురద పోసి, నీళ్లు వదులుతూ, వేళ్లతో మెల్లగా రుద్దుతుంది. పసిబిడ్డ తల రుద్దినట్టు. చివరికి చిటికెడు ఇసుక మిగులుతుంది. ఆ చిటికెడు షాకేరాకు.

తర్వాత జల్లెడను నీలిరంగు నీళ్లలో ముంచుతుంది. ప్రతిసారీ.

"సందుల్ల పాతది ఏదన్న ఇరుక్కుంటే దానికి నీలం అంటుతది ఆదెమ్మక్కా. గప్పుడు కొత్తదాంట్ల కలిసినా దొరికిపోతది," అని షాకేరా మొదటి రోజే చెప్పింది.

అందుకే ఆమె వేళ్లు ఎప్పుడూ నీలమే. అన్నం కలిపేటప్పుడూ నీలమే.

పైపొరల రాళ్లలో అన్నీ ఒకే రకం గవ్వలు. నువ్వుగింజలో సగం కూడా లేవు. రెండు చిప్పలు మూసుకుని, నున్నగా... ఎప్పటివో మంచినీళ్లలో, కదలని నీళ్లలో బతికినవి.

ఒక మధ్యాహ్నం, ఆ లోతు నల్లరాయి ఇసుక చూస్తూ, షాకేరా మైక్రోస్కోపు మీంచి తల ఎత్తలేదు.

చాలాసేపు ఎత్తలేదు.

"ఇవి మంచినీళ్లయి కావు... సముద్రంవి."

సముద్రం.

ఇక్కడ!

ఆదెమ్మ పుట్టి బుద్ధెరిగి చూడని సముద్రం.

మర్నాడు పెద్ద ఆఫీసరు వెంకటరామారావు వచ్చాడు. చూశాడు. నవ్వాడు.

"పోయిన నెల సముద్రపొడ్డున నర్సాపురం బోరు మట్టి కడిగింది ఈ జల్లెడలోనే కదమ్మా. అందులోవే ఇవి. ఆవిడ జల్లెడ సరిగ్గా కడగలేదు. రేపట్నుంచి రావద్దని చెప్పండి."

ఆదెమ్మ చేతులు నీళ్లలోనే ఆగిపోయాయి. కూలి పోతే ఇంకోచోట దొరుకుతుంది. కడగలేదన్న మాట మాత్రం ఎక్కడికి పోయినా వెంటే వస్తుంది.

ఆఫీసరుతో ఆమె అంతవరకు ఒక్క మాట మాట్లాడి ఎరగదు.

"సారూ... నేను కడగకుంటే వాటికి నీలం అంటాలె గదా. అంటిందా? జర సూడుండ్రి."

వెంకటరామారావు మళ్లీ వంగాడు.

లేదు. ఒక్కదానికీ లేదు.

తెలుపు. ఉత్త తెలుపు.

"అదే లోతుది, నానింది, ఇంకో ముక్క ఉందా? నా ముందు కడుగు."

కడిగింది. షాకేరా ఆ చిటికెడు ఇసుకను స్టవ్ మీద ఆరబెట్టింది. ఆయన చూశాడు... కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ చూశాడు.

లేచి నిలబడ్డాడు.

"తప్పు నాదేనమ్మా. కూర్చో. నువ్వూ చూడు."

ఆదెమ్మ ఒక కన్ను మూసింది. మొదట వెలుతురే. ఆ వెలుతురులో —

గవ్వ.

సుడి తిరిగిన గవ్వ. గది పక్కన గది, గది పక్కన గది, ప్రతి గదీ ముందుదానికంటే పిసరంత పెద్దది. గోడల నిండా సూదిబెజ్జాలు. ఇన్నాళ్లూ ఇటువంటివి ఎన్ని తన వేళ్ల సందుల్లోంచి జారాయో...

"ఇవి బతికినయా?"

"అవ్. కోట్ల ఏండ్ల కింద. గీడనే, మనం కూసున్న కాడనే."

"మరి గంత సముద్రం ఎటు పోయింది?"

షాకేరా ఆయన వైపు చూసింది. ఆయన అడవి వైపు చూశాడు.

"తెలీదమ్మా," అన్నాడు. "ఎంతదాకా వచ్చిందో కూడా తెలీదు. రేపు ఇంకా కింది రాళ్లు నానబెట్టు."

పొద్దు వాలుతుండగా ఆదెమ్మ ఇంటిబాట పట్టింది. ఎర్రటి దుమ్ము. ఆకు రాలిన టేకులు. నాలుగడుగులు వేసి ఆగింది. తలెత్తి, నీళ్లు ఎంతెత్తున ఉండేవోనని చిటారుకొమ్మల దాకా, ఇంకా పైదాకా చూసింది.

అప్పుడు చీర కుచ్చిళ్లు చీలమండల పైకెత్తి పట్టుకుని — మెల్లగా, ఒక్కో అడుగే పెడుతూ — ఆ ఎండిన బాట మీద నడిచింది.