తీసేసిన గొంతు

ఆ అమ్మాయి ఎడమ కన్ను ఇక పనికిరాదని ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చేసరికి నేను ప్రిన్సిపాల్ చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. ప్రిన్సిపాల్ అంటే మా ఆయన. ఫోన్ పెట్టేసి, విచారణకు టైమవుతోంది, కాలర్ దగ్గర ముడత పోలేదు చూడు అన్నాడు.

నిన్న మా కాలేజీలో, నేను చెప్పే కెమిస్ట్రీ ప్రాక్టికల్ పరీక్షలో గాఢ సల్ఫ్యూరిక్ ఆసిడ్‌ను పలుచన చేయమంటే, ఆ పిల్ల బీకరులో ఆసిడ్ తీసుకుని దాని మీద నీళ్ళు పోసింది. నీళ్ళలోకి ఆసిడ్ కొద్దికొద్దిగా వదలాలి. తిరగేస్తే నీళ్ళు ఒక్కసారిగా కాగి ఆసిడ్‌ను మొహం మీదికి చిమ్ముతాయి. ప్రయోగాలు కంప్యూటర్లోకి వచ్చాక రక్షణ కళ్ళద్దాలు కొనడం కూడా మానేశారు. కుళాయి కింద దాని మొహం పట్టుకుని కడుగుతుంటే ఆ పిల్ల ఒకే మాట అంది.

"కంప్యూటర్లో ఎన్నిసార్లో ఇలాగే చేశాను మేడమ్. ఏమీ కాలేదు కదా."

నిజమే. ఏమీ కాదు. కాకుండా చేశారు.

ఆ వర్చువల్ ల్యాబ్ నేను తయారుచేసిందే. తెర మీద సీసాలు, బ్యూరెట్లు, రంగులు మారే ద్రావణాలు, అన్నీ. సెలవులన్నీ వంటింటి గట్టు మీద లాప్‌టాప్, పక్కన కుక్కర్. మా కోడలు బొమ్మలాడుకుంటోందని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. మొగుడి కాలేజీకి చేసే చాకిరికి వేరే జీతమేమిటనీ అన్నారు. పని పూర్తయ్యాక మొదటి పేజీలో మా ఆయన పేరు పడింది. అడిగితే, మనలో మనకు నీదేంటి నాదేంటి అన్నాడు. అందులో నాదంటూ మిగిలింది నా గొంతొక్కటే. ఎవరైనా ఆసిడ్ మీద నీళ్ళు పోస్తే తెర ఎర్రబడి, బీకరు భళ్ళున పగిలి, నా గొంతు వినిపించేది. "ఆగు. తప్పు చేస్తున్నావు."

ప్రారంభం రోజున కాలేజీ ఛైర్మన్ గారి ముందు మౌస్ మా ఆయనే పట్టుకున్నాడు. ఒకప్పుడు కెమిస్ట్రీ చెప్పినవాడే, కానీ కుర్చీ ఎక్కాక బీకరు ముట్టలేదు. గొప్పలు చెప్పుకుంటూ చెప్పుకుంటూ ఆసిడ్ మీద నీళ్ళు ఒంపేశాడు. తెర ఎర్రబడింది. హాలంతా మోగేలా నా గొంతు పలికింది. "ఆగు. తప్పు చేస్తున్నావు."

ఛైర్మన్ గారు పొట్ట పట్టుకుని నవ్వారు. "ఏమండీ ప్రిన్సిపాల్ గారూ, ఇంట్లో కూడా ఇంతేనా?"

మా ఆయనా నవ్వాడు. ఇంటికొచ్చాక నవ్వలేదు. తర్వాత ఒకరోజు అన్నం కలుపుకుంటూ, "ఆ సణుగుడు తీయించేశాను. ఇంట్లో వినేది చాలదా?" అన్నాడు. గొంతుతోపాటు ఎర్రతెర పోయింది, పగిలే బీకరూ పోయింది. ఇక ఎలా పోసినా నీళ్ళు బుద్ధిగా కలిసిపోతాయి, చప్పట్లు మోగుతాయి. ప్రమాదమండీ అన్నాను. ముందు పొయ్యి మీద పాలు పొంగకుండా చూసుకోమన్నాడు. క్లాసులో నోటితో చెప్పాను, మళ్ళీ మళ్ళీ చెప్పాను. వేళ్ళకు అలవాటైపోయిన దాని ముందు చెవిన పడ్డ మాట నిలవలేదు.

ఇప్పుడు వెచ్చటి చొక్కాకి బొత్తాలు పెట్టుకుంటూ నాకు పాఠం చెబుతున్నాడు. ల్యాబ్ మొత్తం నీదేనని చెప్తాను, నువ్వు అవునను. ఆడదానివి, కాస్త కళ్ళనీళ్ళు పెట్టుకుంటే ఉద్యోగం మానెయ్యమంటారు, అంతకంటే ఏం చేస్తారు? నా కుర్చీ పోతే మళ్ళీ రాదు. గుమ్మంలోంచి అత్తగారు అందుకున్నారు. "వాడు పెట్టే తిండి చాలదా అమ్మాయ్ నీకు?" అడిగినప్పుడు దక్కని పేరు అడక్కుండానే ఇస్తున్నారు. ఆ పిల్ల కన్ను ఊసు ఇద్దరిలో ఒక్కరూ ఎత్తలేదు.

విచారణ గదిలో ఛైర్మన్ గారు, ఆయనకెదురుగా ఆ పిల్ల తల్లి. ఆమె ఒళ్ళో చిల్లులు పడ్డ యూనిఫాం చొక్కా. మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "ల్యాబ్ అంతా మా ఆవిడే చేసిందండీ. ఆ సాంకేతిక సంగతులు నాకు తెలియవు. భార్య అని వెనకేసుకు రాలేను." ఛైర్మన్ గారు ఆ నిజాయితీకి తల ఊపారు. నా వైపు తిరిగారు.

"ఏమ్మా, పిల్లలు తప్పు చేస్తుంటే ఆ కంప్యూటర్ ఆపొద్దూ?"

"ఆపిందండీ. మీ ముందే ఆపింది. మీరు నవ్వారు కూడా."

ఆయన మొహంలో ఆ రోజు గుర్తుకు రావడం నేను చూశాను. కళ్ళు నెమ్మదిగా మా ఆయన మీదికి జరిగాయి. బల్ల కింద మా ఆయన బూటు నా పాదాన్ని నొక్కింది. ఆ తల్లి నన్నే చూస్తూ అడిగింది.

"మరి దాన్ని తీయించిందెవరు?"

బూటు ఇంకా గట్టిగా నొక్కింది. నేను కాలు లాక్కున్నాను.

"ఈయన. నేను ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని కూర్చున్నాడే, ఈ ప్రిన్సిపాల్. నా మొగుడు."